కొట్టు, పెద్ద స్టోరు, ఆన్‌లైన్: ఏ వస్తువుకు ఎక్కడికి వెళ్తున్నారు?

పాతసంచి
పోయిన నెల బిల్లులు ఒక్కటీ పారేయకుండా దాచాను. నిన్న రాత్రి కూర్చుని ఒక్కో వస్తువు పక్కన గుర్తు పెట్టాను: ఇంట్లో చీటీ రాసుకుని వెళ్ళి కొన్నది ఏది, అక్కడ చూసి వేసుకున్నది ఏది అని. దాదాపు సగం చీటీలో లేనివే. అంతవరకే అయితే సర్దుకుపోయేవాణ్ణి. దేనికోసం వెళ్ళానో దాన్నే మర్చిపోయి వచ్చిన రోజులు నాలుగున్నాయి. వసారాలో బల్బు పోయి రెండు వారాలైంది. రెండుసార్లు దానికోసమే స్టోరుకు వెళ్ళాను, రెండుసార్లూ సంచులు నిండాయి, బల్బు మాత్రం రాలేదు.

చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. చీటీ కొట్టులో ఇస్తే ఆయనే తీసి, తూచి, కట్టి ఇచ్చేవాడు. పది రాస్తే పదే వచ్చేవి. ఇప్పుడు కొట్టూ ఉంది, పెద్ద స్టోరూ ఉంది, ఫోన్లో ఆర్డరూ ఉంది. ఖర్చు మాత్రం నా చేతిలో లేదు. మీరంతా ఏది ఎక్కడ కొంటున్నారు? ఎలా నిర్ణయించుకుంటున్నారు?

తీరికలేదు
అన్నీ ఆన్‌లైనే. పోయిరావడానికి పట్టే గంటన్నర మిగిలితే పిల్లాడితో కూర్చుంటా. నాకు అదే లాభం.

గోరువంక
ముందు బల్బు తెచ్చుకోండి సార్, వెలుతుర్లో మాట్లాడుకుందాం :)

కొట్టుమనిషి
ఇరవై రెండేళ్ళు కొట్టు నడిపాను కాబట్టి బల్లకు అవతలి వైపు నుంచి చెబుతా.

కొట్టులో మీకు కనిపించేది నా ముఖం, నా వెనక అరలు. మీరు అడిగిందే బల్ల మీదకు వస్తుంది. “ఇంకేం కావాలి?” అని అడగడం తప్ప మీచేత ఎక్కువ కొనిపించే దారి నాకు లేదు. ఆ బల్లను తీసేసినాయన క్లారెన్స్ సాండర్స్. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచి, వచ్చినవాళ్ళ చేతికి బుట్ట ఇచ్చి, కావలసినవి మీరే తీసుకోండి అన్నాడు. గుమాస్తాల ఖర్చు తగ్గుతుంది, ఆ మేరకు ధర తగ్గించి అమ్మవచ్చు అని ఆయన లెక్క. లోపల దారిని ఎలా మలిచాడంటే, అరలన్నిటి ముందు నుంచీ నడిస్తే తప్ప డబ్బు కట్టే చోటికి చేరరు. ఆ అమరికకు 1917లో పేటెంటు కూడా తీసుకున్నాడు.

ఈనాటి స్టోర్లలోనూ అదే పద్ధతి. రోజూ అవసరమయ్యేవి లోపలెక్కడో చివర ఉంటాయి, దారిపొడుగునా మిగతావన్నీ పలకరిస్తాయి. కళ్ళకు ఎదురుగా ఉండే అర కోసం కంపెనీలు డబ్బు కట్టే చోట్లు కూడా ఉన్నాయి. వంగి కింది అర చూడండి, తక్కువ ధరవి చాలాసార్లు అక్కడే ఉంటాయి. ఇంకోటి, తేదీ దగ్గరపడిన సరుకు ముందుకు జరిపి కొత్తది వెనక పెట్టడం మా వృత్తిలో మొదటి పాఠం. మీకు తాజాది కావాలంటే చెయ్యి వెనక్కి పోనివ్వండి.

పాతసంచి గారూ, ఇందులో మిమ్మల్ని మీరు తిట్టుకోవలసింది ఏమీ లేదు. గుమాస్తా చేసే పని ఇప్పుడు మీరు చేస్తున్నారు. ఆ గుమాస్తాకు నోరూరదు, ఎందుకంటే వాడు కొనుక్కునేవాడు కాదు. మీరేమో కొనేవాళ్ళు.

నీలిగోళీ
@కొట్టుమనిషి గారూ, మీ పోస్టు శ్రద్ధగా చదివాను. కానీ ఆ బల్ల మీద నాకు అంత ప్రేమ లేదు.

పన్నెండేళ్ళ వయసులో నెలసరికి కావలసినవి అడగడానికి కొట్టు ముందు అరగంట నిలబడ్డాను. మగవాళ్ళందరూ వెళ్ళేదాకా ఆగాను. ఆయన మంచాయనే, ఒక్క మాట అనలేదు. అయినా నాకు ఏది కావాలో, ఏది నప్పుతుందో చూసుకునే వీలు లేదు. ఆయన చేతికి వచ్చిందే నాది. పెద్ద స్టోరులో మొదటిసారి పాకెట్టు తిప్పి వెనక రాసింది చదివి, వద్దనుకుని తిరిగి పెట్టేసినప్పుడు కలిగిన నిశ్చింత ఇప్పటికీ గుర్తుంది. ఎవరి ముఖమూ మారలేదు. దానికి కాస్త ఎక్కువ ఖర్చయినా నేను బాధపడను.

సూదీదారం
నీలిగోళీ చెప్పింది అక్షరాలా నిజం. మా అక్కచెల్లెళ్ళందరిదీ అదే కథ.

కొట్టుమనిషి
నిజమేనమ్మా. ఇన్నేళ్ళలో నాకు తట్టని సంగతి. బల్ల దగ్గర ఎవరో ఒకరు ఆగిపోయి రద్దీ తగ్గాక అడగడం చూసేవాణ్ణి. ఎందుకో ఆలోచించలేదు.

లెక్కలమాస్టారు
ఎక్కడ కొన్నా సరే, పాకెట్టు మీది ధర ఒక్కటే చూడకండి. ధరను బరువుతో భాగించండి. ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంది కదా, పది సెకన్ల పని. పెద్ద పాకెట్టు చవక అనేది మన అలవాటు, ప్రతిసారీ నిజం కాదు. మొన్న ఒక సబ్బుపొడి చూశాను: రెట్టింపు బరువు, ధర రెట్టింపు కంటే ఎక్కువ. పైగా దానిమీద “కుటుంబానికి” అని పెద్ద అక్షరాలు.

రెండో జాగ్రత్త. ధర మారకుండా బరువు తగ్గడం. నిన్నటి డబ్బానే, నిన్నటి బొమ్మే, లోపల పది శాతం తక్కువ. అంటే అదే డబ్బుకు తొమ్మిది వస్తున్నాయి, పదికి బదులు. లెక్క వేస్తే ధర 11 శాతం పెరిగినట్టు. బరువు అంకె చిన్న అక్షరాల్లో ఎక్కడో మూల ఉంటుంది, అది వెతకండి.

99తో ముగిసే ధరల సంగతి అందరికీ తెలుసనుకుంటాం. తెలిసినా కన్ను ముందు ఎడమ అంకె దగ్గరే ఆగుతుంది. నేను చీటీలో పైకి సవరించి రాసుకుంటా, మోసపోయే అవకాశం తగ్గుతుంది.

తీరికలేదు
మాస్టారూ, ఆన్‌లైన్లో ఆ భాగహారం చాలాచోట్ల వాళ్ళే చేసి ధర కింద చూపిస్తారు. ఇది కూడా మా పక్షాన రాసుకోండి.

మరమేకు
ఆన్‌లైన్ పక్షం వారికి ఒక్క ప్రశ్న. కుళాయి వాషర్ ఎప్పుడైనా ఆర్డర్ పెట్టారా? మొదటిసారే సరిపోయిందా?

తీరికలేదు
...లేదు. మూడోసారికి.

మరమేకు
నేను అందుకే వచ్చాను. ఇనప సామాను కొట్టు గురించి ఎవరూ మాట్లాడలేదు. కొన్ని వస్తువులకు ఆ కొట్టుకు మించిన చోటు లేదని నా నమ్మకం.

ఎందుకంటే ఈ వస్తువుల మీది కొలతకూ, చేతిలోని కొలతకూ పొంతన ఉండదు. “అర అంగుళం” పైపు మర తీసుకోండి. స్కేలు పెట్టి కొలిస్తే బయటి మర సుమారు 21 మిల్లీమీటర్లు వస్తుంది. అర అంగుళమంటే 12.7. ఎప్పుడో లోపలి రంధ్రాన్ని బట్టి పెట్టిన పేరు అలా మిగిలిపోయింది. ఇంట్లో కొలిచి ఆర్డర్ పెట్టినవాళ్ళు పొరపడేది ఇక్కడే. మరమేకులూ అంతే. ఎం6 అంటే 6 మిల్లీమీటర్ల లావు. మామూలు రకానికి మర మరకూ మధ్య 1 మిల్లీమీటరు, సన్న రకానికి 0.75. కంటికి రెండూ ఒకటే. ఒకదాని నట్టు ఇంకోదానికి ఒక చుట్టు ఎక్కి ఇరుక్కుంటుంది. బలంగా తిప్పారా, రెండూ పోయినట్టే.

ఆ కొట్టాయన పాత ముక్క చేతిలోకి తీసుకుని, వేలితో తడిమి, వెనక నుంచి సరైనది తెచ్చి బిగించి చూపిస్తాడు. ఒక్క మేకు కావాలంటే ఒక్కటే ఇస్తాడు. పెద్ద స్టోరులో అదే మేకు ఇరవై ఉన్న పాకెట్టు కొనాలి, మిగతా పందొమ్మిది ఇంట్లో తుప్పు పట్టాలి.

పాతసంచి గారూ, బల్బుకు కూడా ఇదే. పాత బల్బు విప్పి జేబులో పెట్టుకుని వెళ్ళండి. మూతికి రెండు పిన్నులుండి నొక్కి తిప్పేదైతే బీ22, మరలుండేదైతే ఈ27. ఆ అంకెలు మూతి వ్యాసం, మిల్లీమీటర్లలో.

గోరువంక
నొక్కి తిప్పేదానికి పేరుందని ఇవాళే తెలిసింది. ఇన్నేళ్ళూ “మామూలు బల్బు” అనే అడిగేదాన్ని.

మరమేకు
కొట్టాయన అర్థం చేసుకుని ఇచ్చేవాడు కదా. నేను చెప్పేదీ అదే.

రాత్రిడ్యూటీ
మీరంతా పగటి మనుషులు. నా డ్యూటీ తెల్లవారుజామున నాలుగింటికి అయిపోతుంది. ఆ వేళ నాకు కొట్టాయన సలహా, తాజా సరుకు, బేరం ఏవీ ఉండవు. రాత్రంతా తెరిచి ఉండే చిన్న షాపు, లేదంటే నాణెం వేస్తే వస్తువు పడే మెషీన్. ధర ఎక్కువే. ఆ ధరలో సగం వస్తువుకు, సగం తలుపు తెరిచి ఉన్నందుకు అనుకుని కడతా. నాకు కోపం లేదు.

ఆ మెషీన్ కొత్తదేం కాదు. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట అలెగ్జాండ్రియాలో హీరో అనే ఆయన ఒక యంత్రాన్ని వర్ణించాడు. నాణెం వేస్తే ఆ బరువుకు లోపలి మీట ఒక పక్కకు వాలి, గుడిలో తీర్థం కాస్త కారేది. నాణెం జారిపోగానే ధార ఆగేది. రాత్రి మెషీన్ ముందు నిలబడ్డప్పుడల్లా గుర్తొస్తుంది.

గోరువంక
నాది చిన్న చిట్కా, కానీ నాకు బాగా పనికొచ్చింది. తోపుడు బండి తీసుకోవడం మానేశాను. చేతిబుట్ట మాత్రమే. చెయ్యి నొప్పి పుట్టగానే కొనడం ఆపేస్తా.

ఆ బండి పుట్టిందే దీనికోసం. 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణదారుడు, బుట్ట బరువెక్కగానే జనం డబ్బు కట్టే చోటికి వెళ్ళిపోతున్నారని గమనించాడు. మడత కుర్చీని చూసి చక్రాల బండి ఆలోచన వచ్చింది. మొదట్లో ఎవరూ ముట్టుకోలేదట. ఆడవాళ్ళు పిల్లల బండ్లు తోసి విసిగిపోయి ఉన్నారు, మగవాళ్ళకేమో బుట్ట మోయలేమా అని పట్టుదల. చివరికి జీతాలిచ్చి కొందరిని పెట్టి, దుకాణంలో బండి తోసుకుంటూ తిరగమన్నాడు. అప్పుడు అలవాటైంది.

పాతసంచి
ఇది నాకు బాగా నచ్చింది. రేపటి నుంచి చేతిబుట్టే.

అమ్మదగ్గరున్నా
గోరువంక గారి చిట్కా మోకాళ్ళు బాగున్నవాళ్ళకు. మా అమ్మకు 78 ఏళ్ళు, ఒక కన్ను సరిగ్గా కనిపించదు. బండి ఆమెకు ఊతం. పెద్ద స్టోరులో అరల మీద అక్షరాలు చదవలేదు, అడుగుదామంటే మనిషి కనిపించడు. ఫోన్ యాప్‌లో బొమ్మలు వేలితో నొక్కితే ఇంకేదో తెరుచుకుంటుంది. డబ్బు కట్టే మెషీన్ ముందు వెనకవాళ్ళ నిట్టూర్పులు విని ఆమె చేతులు వణికాయి ఒకసారి. ఆ రోజు నుంచి అక్కడికి రానంటుంది.

ఇప్పుడు వీధి చివర కొట్టుకే వెళ్తుంది. చీటీ ఇచ్చి కుర్చీలో కూర్చుంటుంది. ఒక్కోసారి అవసరం లేకపోయినా ఒక సబ్బు కోసం వెళ్తుంది. రెండు రోజులు రాకపోతే ఆ కొట్టాయన నాకు ఫోన్ చేస్తాడు. ఈ పని ఏ బిల్లులో రాస్తాం?

కొట్టుమనిషి
ఆ ఫోన్లు నేనూ చేశాను. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

సంతబేరం
బేరం గురించి ఎవరూ ఎత్తలేదేం? నాకైతే బేరం ఆడకుండా కొన్న వస్తువు కొన్నట్టే ఉండదు. సంతలో రెండు మాటలు, ఒక నవ్వు, “సరే తీసుకెళ్ళు” అనిపించుకోవడం. మార్కెట్ మూసే ముందు వెళ్తే సగం ధరకు ఇస్తారు, మోసుకెళ్ళే పని తప్పుతుందని.

నీలిగోళీ
అది మాట నేర్చినవాళ్ళకు సంబరం. నోరు తిరగని మా నాన్న జీవితమంతా అందరికంటే ఎక్కువ కట్టాడు. ఆయన మంచితనానికి పడిన జరిమానా అది. ధర రాసిపెట్టడం పేదవాడికీ మొహమాటస్తుడికీ రక్షణ అని నా అభిప్రాయం.

సూదీదారం
బట్టల పని చేస్తాను కాబట్టి ఇందులో నాకు ఇష్టమైన కథ ఒకటుంది. 1673లో ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, మిట్సుయి తకతోషి అనే వ్యాపారి ఎచిగోయా అనే బట్టల కొట్టు తెరిచాడు. అప్పటిదాకా వర్తకులు ధనవంతుల ఇళ్ళకు గుడ్డ మోసుకెళ్ళి, అరువిచ్చి, ఏడాదికి ఒకటి రెండుసార్లు వసూలు చేసుకునేవాళ్ళు. మనిషిని బట్టి ధర. ఈయన అందరికీ ఒకే ధర, డబ్బు చేతికివ్వాలి అన్నాడు. అంతకంటే నాకు నచ్చింది, ఎంత ముక్క కావాలంటే అంత కోసి ఇచ్చాడు. గుడ్డ తాను మొత్తం కొనలేనివాళ్ళు కూడా మొదటిసారి ఆ కొట్టు గడప ఎక్కారు. పారిస్‌లో బాన్ మార్షే అనే పెద్ద దుకాణాన్ని 1852 నుంచి పెంచిన అరిస్తీద్ బూసికో కూడా ధర రాసిపెట్టి, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామన్నాడు.

మళ్ళీ నేనే బేరం ఆడతాను, పాత బట్టల సంతలో. అక్కడ ఏ రెండు వస్తువులూ ఒకటి కావు, ఏది ఎంత అరిగిందో చేత్తో చూసి చెప్పుకోవాలి. అక్కడ రాసిన ధర ఉండటమే కష్టం.

సంతబేరం
నీలిగోళీ గారూ, మీ నాన్నగారి మాట మనసుకు తగిలింది. ఇకనుంచి పెద్ద వయసువాళ్ళు అమ్మేచోట బేరం ఆడను. అది మాత్రం చెప్పగలను.

ఉత్తరంవైపు
అరువు సంగతి కూడా రాయాలి. మా నాన్న పని పోయినప్పుడు నాలుగు నెలలు ఇంట్లో పొయ్యి వెలిగింది వీధి కొట్టు అరువు మీద. ఆయన ఒక్కసారి కూడా నాన్నను అందరిముందు అడగలేదు. పెద్ద స్టోరులో కార్డు పనిచేయకపోతే బుట్ట వదిలి వెళ్ళాల్సిందే. అందుకే ఇప్పటికీ నెల సరుకులు చిన్న కొట్టులోనే. ధర కొంచెం ఎక్కువని తెలుసు.

కొట్టుమనిషి
ఆ “కొంచెం ఎక్కువ” ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. అరువు తీసుకున్న పదిమందిలో ఇద్దరు తీర్చరు. ఊరు మారిపోతారు, లేదా ఆ వీధి రావడం మానేస్తారు. ఆ నష్టం డబ్బు కట్టి కొనేవాళ్ళ ధరలో కలుస్తుంది. ఇంకో పాపం కూడా ఉంది, అరువున్నవాడు ఇంకో కొట్టుకు పోలేడు కాబట్టి నాసిరకం అంటగట్టేవాళ్ళను చూశాను.

1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది కలిసి సహకార దుకాణం పెట్టుకున్నది ఈ బాధలు పడే. కల్తీ లేని సరుకు, సరైన తూకం, అరువు లేదు. లాభం మిగిలితే ఎవరు ఎంత కొంటే వాళ్ళకు అంత వాటా. అరువు మంచిదా చెడ్డదా అంటే నేను ఇప్పటికీ తేల్చలేను. ఇచ్చినందుకు ఏ రోజూ బాధపడలేదు.

లెక్కలమాస్టారు
కార్డు మాట వచ్చింది కాబట్టి. 2001లో ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు తమ ప్రయోగం ప్రచురించారు. ఆట టికెట్లు వేలం వేసి, కొందరిని నగదుతో, కొందరిని కార్డుతో కట్టాలన్నారు. కార్డువాళ్ళు పాడిన పాట సగటున రెట్టింపు దాకా వెళ్ళింది. పాతసంచి గారూ, చీటీ సరుకులకు సరిపడా నోట్లే తీసుకెళ్ళి చూడండి.

పాతసంచి
మాస్టారూ, ఇంకో సందేహం. అర మీద ఒక ధర, బిల్లులో ఒక ధర రావడం ఈ నెలలోనే రెండుసార్లు జరిగింది. పాకెట్టు మీది బార్‌కోడ్ గీతల్లో ధర ఉంటుంది కదా, ఎలా మారుతుంది?

లెక్కలమాస్టారు
గీతల్లో ధర ఉండదు. వస్తువు నంబరు మాత్రమే ఉంటుంది. ధర దుకాణం కంప్యూటర్లో ఉంటుంది. 1974 జూన్ 26న ఒహాయోలోని ట్రాయ్‌లో ఒక సూపర్ మార్కెట్లో మొదటి పాకెట్టు, చూయింగ్ గమ్ అది, స్కాన్ చేసిన రోజు నుంచీ ఇదే ఏర్పాటు. అర మీద చీటీ ఒకరు మార్చాలి, కంప్యూటర్లో అంకె ఇంకొకరు మార్చాలి. ఒకటి మారి ఇంకొకటి మారకపోతే మీకు జరిగిందే జరుగుతుంది. నంబరు చదవడంలో తప్పు దాదాపు రాదు. 13 అంకెల్లో చివరిది ముందు పన్నెండింటి నుంచి లెక్కకట్టిన కాపలా అంకె, ఒక అంకె తప్పు పడినా మెషీన్ ఒప్పుకోదు. కాబట్టి అర మీది ధర ఫోన్లో ఫోటో తీసుకోండి, బిల్లు అక్కడే నిలబడి చూడండి. నేను వెనక్కి నడిచి ఫోటో చూపించిన ప్రతిసారీ సరిచేశారు.

రాత్రిడ్యూటీ
ఫోటో ఆలోచన బాగుంది, ఇవాళే మొదలు.

తీరికలేదు
ఇంత చదివాక ఒప్పుకుంటున్నా. వాషర్లు, బల్బులు, బట్టలు నేరుగా వెళ్ళి కొంటా. మిగతావి మాత్రం ఆన్‌లైనే, పిల్లాడి గంటన్నర ఎవరికీ ఇవ్వను. ఒక్క మార్పు: ఆర్డర్ బుట్టలో వేసినవి ఆ రాత్రి కొనకుండా తెల్లారి మళ్ళీ చూస్తున్నా. నాలుగింట ఒకటి తీసేస్తున్నా.

పాతసంచి
మూడు వారాలైంది, జరిగింది చెప్పడానికి వచ్చాను. చీటీని కొట్టుల వారీగా విడదీశాను. నెల సరుకులు వీధి కొట్టులో, చీటీ ఇచ్చి పక్కన నిలబడుతున్నా. లేబుల్ చదివి ఎంచుకోవలసినవి పెద్ద స్టోరులో, చేతిబుట్టతో, నోట్లతో. చీటీలో లేనివి ఈసారి మొత్తం ఏడు. అందులో రెండు మా అమ్మాయి కోసం, అవి తప్పుగా లెక్కపెట్టను.

బిల్లు తేడా ఒకసారి వచ్చింది. ఫోటో చూపిస్తే మారు మాట లేకుండా సరిచేశారు.

మరమేకు
అవన్నీ సరే, బల్బు?

పాతసంచి
పాతది జేబులో పెట్టుకుని వెళ్ళాను. బీ22. ఆయన వెలిగించి చూపించాకే డబ్బు తీసుకున్నాడు.